ఓర్ఫా నడపకూడని బండి

మాక్సీన్ వేలు మ్యాపు మీద ఒక సన్నటి గీత దగ్గర ఆగింది. ఓర్ఫా ఆ వేలినే చూస్తూ కూర్చుంది. అది అక్కణ్ణుంచి కదిలితే బాగుండునని ఆమె మనసులో కోరుకుంది గానీ, మాక్సీన్ ఒకసారి వేలు పెట్టిందంటే తీసే రకం కాదు.

“ఇదేంటమ్మాయ్, ఈ రోడ్డున ఎప్పుడూ పోలేదే మనం?”

“గతుకుల రోడ్డండీ. మీ క్లబ్బు ఆడవాళ్ల నడుములు విరుగుతాయి.”

“మా నడుముల సంగతి మాకొదిలెయ్. ఆ దారిలో ఎవరో ఆమిష్ ఆయన కొట్టం నిండా పాత బీరువాలు, గోడ గడియారాలు పెట్టుకుని అమ్ముతున్నాడట. అది చూడకుండా ఇంటికెళ్తే నాకు నిద్ర పట్టదు.”

శరత్కాలంలో ఓహాయో కొండల్లో ఆకులు ఎర్రబడగానే మాక్సీన్ తన క్లబ్బు ఆడవాళ్లను పాత సామాన్ల దుకాణాల చుట్టూ తిప్పుతుంది. పెద్ద రోడ్డు ఎక్కకూడదు, అన్నీ పల్లెదారులే. అది ఆమె పంతం. వ్యాను ఓర్ఫాది, తోలేదీ ఓర్ఫానే. ఏ దుకాణం ముందు, ఏ బేకరీ తర్వాత అని చూసుకోవడానికి ఇద్దరూ ముందుగా ఒకసారి దారంతా తిరిగి వస్తారు. ఈసారి మాక్సీన్‌కు ఒక కంటికి కొత్తగా ఆపరేషనైంది, దాని మీద ప్లాస్టిక్ డిప్ప ఉంది. రెండో కంటికి ముందునుంచే మసక. అయినా దుకాణం అద్దంలో పింగాణీ కప్పుకు చిన్న పగులుంటే వీధి అవతలినుంచే పసిగడుతుంది, మహాతల్లి.

ఓర్ఫా మ్యాపు అంచు మడతపెట్టసాగింది. ఆ గడియారాల ఆయన పేరు అట్లీ అని, అతని భార్య డ్రూసిల్లా తన సొంత చెల్లెలని చెప్పాలంటే చాలా చెప్పాలి. కార్లు తోలకుండా గుర్రపు బండ్లతోనే బతికే ఆ ఆమిష్ క్రైస్తవుల్లో పుట్టి, బాప్తిస్మం పుచ్చుకుని, సంఘం ముందు మోకరించి మాటిచ్చి, ఆ తర్వాత టోపీ తీసేసి బయటి లోకానికి వెళ్లిపోయిన మనిషి ఓర్ఫా. మాటివ్వకముందే వెళ్లిపోతే కన్నవాళ్లు ఏడ్చి ఊరుకుంటారు. ఇచ్చాక వెళ్తే వెలి. ఆమెతో మాట్లాడొచ్చు. ఆమెతో ఒకే బల్ల మీద తినకూడదు. ఆమె తోలే బండి ఎక్కకూడదు. అందుకే ఆ రోడ్డు మొహం చూడకుండా ఇన్నేళ్లు గడిపింది.

“సరే, చూసొద్దాం,” అంది చివరికి. చూడాలని ఆమెకూ లోపల ఉంది మరి.

కొట్టం ముందు వ్యాను ఆగీ ఆగకముందే అట్లీ ఇంట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. తల మీద టోపీ లేదు, చొక్కా చేతులకు నెత్తురుంది.

“బండి! దేవుడా, బండి వచ్చింది! మా ఆవిడకు నొప్పులు... ఇంకా నెల ఉంది... నెత్తురాగట్లేదు. ఆసుపత్రికి తీసుకుపొమ్మని మంత్రసాని అంటోంది. మాకు కారు తోలేవాళ్లంతా వేలానికి పోయారు, ఆంబులెన్సేమో కొండకవతల ఇంకో ప్రమాదానికి...” అంటూ కిటికీలోకి తొంగి చూశాడు. చూసి ఆగిపోయాడు.

“ఓర్ఫా!”

“ఎక్కించు అట్లీ. మాటలెందుకు, ఎక్కించు!”

అతను కదల్లేదు. ఆ వసంతంలోనే సంఘం చీట్లు తీస్తే తన పేరు వచ్చి బోధకుడైన మనిషి. ఎవరైనా కట్టు తప్పితే సంఘం ముందు పెట్టాల్సినవాళ్లలో అతనూ ఒకడు. మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

మంత్రసాని భుజం పట్టుకుని డ్రూసిల్లా వాకిట్లోకి వచ్చింది. ముఖం సున్నం కొట్టినట్టుంది. అక్కను చూసింది. ఇన్నేళ్లలో ఇదే చూడటం. కళ్లు నిండాయి గానీ, తల అడ్డంగా ఊపింది.

“నేనెక్కను. అక్క తోలితే ఎక్కను.”

“ఏంటీ!” అని అరిచింది మాక్సీన్. “మనిషి చచ్చిపోతుంటే ఎవరు తోలితే ఏంటమ్మా? మీకేమన్నా పిచ్చా?”

“పిచ్చి కాదండీ, మాటిచ్చాం,” అంది డ్రూసిల్లా, గడప పట్టుకుని వంగిపోతూ.

ఓర్ఫాకు ఒళ్లు మండింది. వెంటనే జాలేసింది. చెల్లెలి స్థానంలో ఉంటే తనూ అదే అనేది. వ్యాను దిగింది, తాళం చెవి తీసి మాక్సీన్ చేతిలో పెట్టింది.

“మీరు తోలండి. నేను పక్కన కూర్చుని చెప్తా.”

“నేనా? నాకున్నది అర కన్నే!”

“నావి రెండున్నాయి. ఎక్కండి.”

అట్లీ ఒక్క క్షణం ఆలోచించాడు. “స్టీరింగ్ ఆమె చేతిలో లేకపోతే... సరే,” అన్నాడు. ఇంట్లో వేరే పెద్దవాళ్లెవరూ లేరు, మంత్రసాని పిల్లల దగ్గర ఉండిపోయింది. వెనక సీట్లో భార్య తల ఒళ్లో పెట్టుకుని అతను కూర్చున్నాడు.

ఆ దారి ఓర్ఫాకు కొట్టినపిండి. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగిన దారి. తెలిసి ఏం లాభం, చేతులు మాత్రం ఒళ్లో ముడుచుకుని కూర్చోవాలి.

“కుడికి రండి. ఇంకొంచెం. చాలు. ఇప్పుడు దిగుడు... బ్రేకు, మెల్లగా, మెల్లగా!”

“ఏమీ కనబడట్లేదే అమ్మాయ్, అంతా తెల్లగా ఉంది!”

“వాన తుంపర్లు. నేను చూస్తున్నాగా. తిన్నగా పోనివ్వండి.”

వెనక డ్రూసిల్లా పళ్లు బిగించి మూలిగింది. అట్లీ పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి. మెట్ట ఎక్కారు. అవతలివైపు దారి ఒక్కసారిగా కిందికి జారుతుంది, అక్కడే పొలంలోంచి ఒక బాట వచ్చి కలుస్తుంది. ఓర్ఫాకు అది గుర్తుంది. చెప్పబోయేలోపే ఆ బాటలోంచి గుర్రపు బండి ఒకటి రోడ్డెక్కింది.

“బండి! బ్రేకు! బ్రేకు!”

మాక్సీన్ కాలు పడింది గానీ ఆలస్యంగా పడింది. చక్రాలు తడి మట్టిలో జారాయి. గుర్రం ముందుకాళ్లు ఎత్తి సకిలించింది. వ్యాను అడ్డంగా తిరిగి, కాలవ అంచున ఒక చక్రం గాల్లో ఉండగా ఆగింది. స్టీరింగ్ అందుకోబోయిన ఓర్ఫా చేతులు గాల్లోనే నిలిచిపోయాయి. మాక్సీన్ ఏడుపు మొదలుపెట్టింది. అంతటి మనిషి ఏడుస్తుంటే ఓర్ఫాకు ఇంకా భయమేసింది.

“నావల్ల కాదు. నేను మిమ్మల్నందర్నీ చంపేస్తాను,” అంది ముసలామె.

వెనకనుంచి సన్నగా మాట వినబడింది.

“అక్కా. నువ్వు తోలు.”

ఓర్ఫా వెనక్కి తిరిగింది. “వద్దు డ్రూసీ. అందరి ముందూ మోకాళ్ల మీద నిలబెడతారు నిన్ను.”

“బతికుంటే కదా మోకరించేది! తోలవే!”

ఓర్ఫా అట్లీని చూసింది. అతను భార్య తలను నెమ్మదిగా సీటు మీదకు దించాడు. ఆమె నుదురు తుడిచాడు. తలుపు తీసి వానలోకి దిగాడు.

“ఏం చేస్తున్నావ్ అట్లీ?”

“నేను ఆ గుర్రపు బండిలో వస్తా. ఇక్కడే ఉంటే చూసినట్టవుతుంది. చూస్తే చెప్పాలి.” తలుపు మూయబోయి ఆగాడు. “నేను చెప్పలేను వదినా. పోనివ్వు.”

వదినా అని అతను పిలవడం అదే మొదలు. ఓర్ఫా కళ్లు తుడుచుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. మాక్సీన్ వెనక్కి వెళ్లి డ్రూసిల్లా చేయి పట్టుకుంది. వ్యాను కాలవ అంచునుంచి ఒక్క ఊపున రోడ్డెక్కింది. ఆ తర్వాత ఏ మలుపు ఎలా తిరిగిందో ఓర్ఫాకే తెలియదు. అద్దంలో అట్లీ వానలో నిలబడి చిన్నవాడైపోవడం మాత్రం చూసింది.

ఆడపిల్ల పుట్టింది. పిడికెడు మనిషి, ఏడుపు మాత్రం ఆసుపత్రి అంతా వినబడింది. తల్లి కూడా గట్టెక్కిందని డాక్టరు చెప్పాక మాక్సీన్ వరండా కుర్చీలో నోరు తెరిచి నిద్రపోయింది. అట్లీ ఇంకా దారిలోనే ఉన్నాడు. గుర్రం గుర్రమే కదా.

పసిదాన్ని పక్కలో పెట్టుకుని పడుకున్న డ్రూసిల్లా మంచం దగ్గర ఓర్ఫా కూర్చుంది.

“ముసలిదానివయ్యావే,” అంది డ్రూసిల్లా.

“నువ్వేం తక్కువ తిన్నావు?”

ఇద్దరికీ నవ్వొచ్చింది. డ్రూసిల్లా ముందుగా ఆపేసింది.

“అట్లీ నన్నడగడు. కానీ దాచుకుని బతకలేను. సంఘంలో నేనే చెప్తా. తప్పు చేశానని ఒప్పుకుంటా.”

“ఒప్పుకో.”

“ఒప్పుకున్నాక అడుగుతారు, మళ్లీ చెయ్యనని అనమంటారు. అదొక్కటీ అనను. ఇవాళ నువ్వు రాకపోతే నేనూ లేను, ఇదీ లేదు. నీ బండి ఎక్కనని ఏ నోటితో అనేది?”

కాలవ అంచున కూడా ఓర్ఫాకు ఇంత భయం వెయ్యలేదు. ఆ మాట అనకపోతే చెల్లెలికీ వెలే. వెళ్లిపోయే ముందు కొన్నాళ్లు ఓర్ఫా సొంత ఇంట్లోనే గోడవారన చిన్న బల్ల మీద ఒంటరిగా తిన్నది. పక్కనే పెద్ద బల్ల మీద అందరూ తలలు వంచుకుని తినేవాళ్లు. రొట్టె గొంతు దిగేది కాదు.

“నీ పిల్లలు నిన్నలా చూడాలా?” అంది. “ఇది రేపు నీ చేత్తో అన్నం తినకూడదంటారు. నీకు తెలీదే, నేను తిన్నాను ఆ తిండి. అంటావు నువ్వు. మళ్లీ ఎక్కనంటావు.”

“అబద్ధమవుతుంది అక్కా.”

“కాదు. నిజంగానే ఎక్కకు. నేను ఈ రోడ్డుకే రాను. అప్పుడది అబద్ధం కాదు.”

డ్రూసిల్లా ముఖం అటు తిప్పుకుంది. ఓర్ఫా ఆమె గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది. చిన్నప్పుడు ఈ చెల్లెలికి ప్రార్థనలు నేర్పింది తనే. ఒక్కో మాటా అని, అనిపించి, తప్పితే మళ్లీ మొదలుపెట్టించేది.

“అను. మా అక్క తోలే బండి...”

“మా అక్క తోలే బండి...”

“మళ్లీ ఎక్కను.”

డ్రూసిల్లా “మళ్లీ...” అని ఏడ్చేసింది. ఓర్ఫా ఆగింది. పసిదాన్ని సరిగ్గా కప్పి, మళ్లీ మొదటినుంచి చెప్పించింది. ఏడుపు లేకుండా ఆ మాట వచ్చేదాకా చెప్పిస్తూనే ఉంది.