హద్దు మీద గునపం

నేను ఒక గునపాన్ని. నా కడుపుమంటంతా యెర్రంశెట్టి భద్రయ్య మీద. తవ్వడానికి పుట్టిన నన్ను తీసుకొచ్చి నడి పొలంలో నిలబెట్టాడు. మనిషిని ఇలా నిలబెట్టి ఉంటే నలుగురు పెద్దమనుషులు పంచాయితీకి వచ్చేవాళ్ళు. ఇనుముకు ఎవరున్నారు?

నన్ను చేసింది కోనసీమ కమ్మరి గవరాచారి. విరిగిన లారీ ఇరుసును కొలిమిలో కాల్చి, ఒక కొస చదును చేసి, రెండో కొసకు మొన తేల్చాడు. "నీ మనవలు కూడా దీన్ని అరగదియ్యలేరయ్యా" అని భద్రయ్యకు అంటగట్టాడు. భద్రయ్య తన ఎకరం సాగు చేసుకుంటూ, ఖాళీ రోజుల్లో కొబ్బరికాయల ఒలుపుకు పోయేవాడు. ఒలుపులో గునపాన్ని నేలలో పాతి, కాయను మొనకు గుచ్చి పీచు డొక్క వదిలిస్తారు. కాబట్టి నిలబడటం నాకు కొత్తేమీ కాదు. కాని అక్కడ నిలబడితే చేతినిండా పని, చెవినిండా కబుర్లు. అందులో సగం అబద్ధాలే అనుకోండి, అయినా పొద్దు తెలిసేది కాదు.

ఆ రోజుల్లో తుంగభద్ర కాలవ కొత్త. దాని కింద నేల చవగ్గా వస్తోందని గోదావరి రైతులు బళ్ళు కట్టుకుని కన్నడ దేశం పోతున్నారు. భద్రయ్య కూడా ఎకరం అమ్మేశాడు. ఆయన, భార్య మంగాయమ్మ, ఆవిడ తమ్ముడు సూరన్న, సూరన్న పెళ్ళాం కాంతం, చుక్క అనే గేదె, నేను. ఇదీ మా దండు. తీరా వెళ్ళి చూస్తే, బావా బావమరిదీ కలిసి కొన్న ఇరవై ఎకరాల నిండా తుమ్మచెట్లూ తేళ్ళూ.

"ఇదేనా బావా నువ్వు చెప్పిన బంగారం?" అన్నాడు సూరన్న.

"బంగారం పైనే పడుంటుందేంట్రా? తవ్వాలి" అని భద్రయ్య నన్ను భుజానేసుకున్నాడు.

నా బతుకులో మంచి కాలం అదే. ఎన్ని తుమ్మ మోళ్ళు పెకలించానో! అన్నిటికంటే పెద్దది ఒకటి కాలవ పక్కన ఉండేది. దాన్ని లేపేసరికి భద్రయ్య అరచేతులు పగిలాయి, నా మొన వంగింది. ఆ గొయ్యి చూసుకుని ఆయన కొడుకు పుట్టినంత సంబరపడ్డాడు.

రెండు కాపురాలకూ ఒకే పొయ్యి అని మంగాయమ్మ మొదటిరోజే తేల్చేసింది. ఊరు కాని ఊళ్ళో ఆవిడకు ఆ పొయ్యే పుట్టిల్లు. నేల పండినా పండకపోయినా, పొయ్యి రెండు కాకూడదు. ఆవిడ కోరిక అదొక్కటే.

చెట్లు కొట్టాక నేల చెరిసగం పంచుకున్నారు. పెద్ద తుమ్మ గొయ్యి భద్రయ్య సగంలో పడింది. తూర్పు చివర హద్దుకు ఒక బండ దొరికింది. పడమట, కాలవ వైపు, ఆ నల్లరేగడిలో భూతద్దం పెట్టి వెతికినా గులకరాయి లేదు. "రాయి తెచ్చేదాకా నువ్వే రాయివి" అని భద్రయ్య నన్ను సమ్మెటతో దిగగొట్టాడు. వానకు నానిన రేగడి నన్ను మొసలిలా పట్టుకుంది. ఆ పట్టు చూసి మురిసిపోయి గేదెను కూడా నాకే కట్టాడు.

పక్క చేను బసప్ప అది చూసి నవ్వాడు. "ఇది నల్లమట్టి అప్పా! తడికి పట్టుకుంటుంది, ఎండకి వదిలేస్తుంది. ఎనుమును కట్టొద్దు."

"గోదావరోళ్ళకి గేదెని కట్టడం నువ్వు నేర్పుతావేంటయ్యా?" అన్నాడు భద్రయ్య. గోదావరి ఒండ్రు మట్టిలో పాతిన గుంజ పాతినట్టే ఉంటుంది మరి. ఆయనకు తెలిసిన నేల అదొక్కటే.

ఎండలు ముదిరాయి. రేగడి బెత్తెడేసి వెడల్పున బీటలు వారి నన్ను వదిలేసింది. చుక్క ఒక్క గుంజు గుంజి, భద్రయ్య చేలోకి పదడుగులు ఈడ్చుకుపోయింది. పాలు పితకడానికొచ్చిన మంగాయమ్మ గేదెను తిట్టుకుంటూ, పడ్డచోటే బీటలో నన్ను గుచ్చి రాయిలాంటి మట్టిపెళ్ళలతో బిగించింది. నన్ను గేదె గుంజననుకుంది తప్ప హద్దునని ఆవిడకు తోచలేదు. చెబుదామంటే నాకు నోరు లేదు.

తొలకరి పడింది. బండ నుంచి నా దాకా తాడు లాగి గట్టు వేశారు. నాట్ల నాడు, కూలీలంతా అన్నాలు తింటుండగా, భద్రయ్య చూపు పెద్ద తుమ్మ గొయ్యి మీద పడింది. అది గట్టుకు అవతల ఉంది.

"ఒరే సూరన్నా, నా గొయ్యి నీ మళ్ళోకి ఎలా వచ్చింది?"

"నాకేం తెలుసు బావా? గునపం పాతింది నువ్వు."

"పాతింది నేనే. నడిపించింది ఎవరో? దానికి కాళ్ళున్నాయేంట్రా?"

"అంటే నేను దొంగనన్నమాట! పదిమందిలో బాగా అన్నావు బావా" అని సూరన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు.

సాయంత్రానికి కాంతం మూడు రాళ్ళు తెచ్చి వేరే పొయ్యి పెట్టింది. హద్దుకు దొరకని రాళ్ళు తగువుకు దొరికాయి! మంగాయమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు బసప్ప నా దగ్గర ఆగి, "ముందు అక్కడ కదమ్మా ఉండేది? నేను చెప్పలా, ఎనుమును కట్టొద్దని?" అన్నాడు. మంగాయమ్మ నుదురు కొట్టుకుంది. తమ్ముడి గుడిసెలో ఒక కేక వేసి, మొగుడి దగ్గరికి పరిగెత్తింది.

"ఏవండోయ్, గునపానికి కాళ్ళు లేవు. మన చుక్కకి నాలుగున్నాయి. పడ్డచోట గుచ్చింది నేనే."

భద్రయ్య సమ్మెట పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. సూరన్న అప్పటికే పారతో గట్టు మీద ఉన్నాడు.

"అక్క చెప్పింది. గునపం పీకు బావా. గట్టు నేను తీసేస్తాను."

హమ్మయ్య, మళ్ళీ తవ్వకానికి పోతాననుకున్నాను. భద్రయ్య సమ్మెట ఎత్తి నన్ను ఇంకో మూరెడు లోపలికి దిగగొట్టాడు!

"పదిమందిలో నిన్ను దొంగన్నాను. ఆ మాట ఊరికే పోతుందేంట్రా? గట్టు వేసిన చోటే ఉంటుంది."

"మరి నీ గొయ్యి?"

"నీదే. వానకి నిండితే చేపలు పట్టుకో. పులుసు మాత్రం మీ అక్క పొయ్యి మీదే."

సూరన్న నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు. కాంతం తన మూడు రాళ్ళూ మోసుకొచ్చి నా మొదట్లో పాతింది. ఇక నన్ను ఏనుగు కూడా కదపలేదు. చుక్కకు వేరే గుంజ వచ్చింది.

వలస వచ్చిన రైతుల ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. మాది ఇప్పుడు భద్రయ్య క్యాంపు. భద్రయ్య పోయాడు. ట్రాక్టరు వాళ్ళు నన్ను తిట్టుకుంటూ చుట్టు తిరిగి పోతారు. మొన్న సర్వేయరు వచ్చి, గొలుసు లాగి, "ఈ గునపం తప్పుచోట ఉంది" అన్నాడు. "తప్పుచోట కాదండీ, మా బావ పెట్టిన చోట" అన్నాడు ముసలి సూరన్న.

నేను మాత్రం భద్రయ్యను ఇంకా క్షమించలేదు. సర్వేయరు వేళ్ళ మీద లెక్క కట్టి పైకే చెప్పాడు, నేను విన్నాను. ఒక్క మాటకు ఆయన వదులుకున్న నేల ఏడున్నర సెంట్లు.