బిళ్ళల కుప్ప

ఎండ తెల్లగా, ఆకాశం తెల్లగా, కిటికీ అవతల సల్వా పేట వీధులు మనుషులు లేక తెల్లగా పడి ఉన్నాయి. గంగులయ్య బడి గదిలో రెండు బల్లలు జతచేసుకుని వెల్లకిలా పడుకుని ఆ తెలుపులోకే చూస్తున్నాడు. కళ్ళు మూస్తే కోడూరు దగ్గరి ముగ్గురాయి గని. తెరిస్తే మళ్ళీ కువైటే. ఈ రెండిటికీ మధ్య ఉండాల్సిన సముద్రం ఎటుపోయిందో ఆయనకు అంతుపట్టడం లేదు.

గంగులయ్య రాజ్యసభ సభ్యుడు. ఇక్కడి తెలుగువాళ్ళు సన్మానం చేస్తామంటే తొంభయ్యో సంవత్సరం ఆగస్టు మొదట్లో విమానమెక్కి వచ్చాడు. శాలువా కప్పారు, దండ వేశారు, మీ అంతటివారు లేరన్నారు. మర్నాడు కళ్ళు తెరిచేసరికి ఊళ్ళో ఇరాక్ ట్యాంకులున్నాయి. ఆ శాలువా ఇప్పుడు తలగడ అయింది. బడి నిండా తలదాచుకున్న మనవాళ్ళే. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, డ్రైవర్లు, కూలీలు, ఒకరిద్దరు బ్యాంకు ఉద్యోగులు. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరుకుంటే అక్కడ విమానాలున్నాయట. అందరూ బస్సుల కోసం చూస్తున్నారు.

గంగులయ్య మాత్రం ఎక్కువగా గని వైపే చూస్తున్నాడు. ముగ్గురాయి చూపుకు తేలిక, మోస్తే బరువు. పదేళ్ళ పాటు దాన్ని నెత్తిన మోశాడు. ఆ తర్వాత యూనియన్ సెక్రటరీ అయ్యాడు. గని గేటు దగ్గర ఒక చెక్క ఉండేది. పని దిగి వచ్చేవాళ్ళు తమ ఇత్తడి బిళ్ళను దానికి తగిలించాలి. లోపల ఒక్క మనిషి మిగిలినా ఆ మేకు ఖాళీగా కనిపిస్తుంది. అందరి బిళ్ళలూ తగిలాకే గంగులయ్య తన బిళ్ళ తగిలించేవాడు. ఒకసారి సమ్మె అయ్యాక, బిళ్ళలున్న పర్మనెంటు వాళ్ళే లోపలికి రావాలని యాజమాన్యం చెప్పింది. బిళ్ళలు లేని ఆడకూలీలు ఇంటికి పోవాలట. గంగులయ్య గేటు ముందు గోనెసంచి పరిచి తన బిళ్ళ దానిమీద పడేశాడు. ఒకరి వెనక ఒకరు అందరూ పడేశారు. కుప్పలో ఇది నాది అని ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. రైలు వ్యాగన్లు ఖాళీగా నిలబడిపోయాయి. పొద్దు వాలేలోగా ఆడవాళ్ళను కూడా లోపలికి పిలిచారు.

అలాంటి మనిషిని పార్టీ పెద్దలు మెచ్చుకుని ఢిల్లీ పంపారు. అక్కడ కుర్చీలు మెత్తన, తివాచీ ఎర్రన, మధ్యాహ్నం భోజనం ఘనం. నిలబడి అరిచే గొంతు కూర్చుని గొణిగే గొంతుగా మారడానికి పెద్దకాలం పట్టలేదు. గల్ఫ్‌లో మనవాళ్ళ పాస్‌పోర్టులు యజమానులు లాక్కుంటున్నారని ఒకనాడు సభలో మాటొచ్చింది. అధికారులు రాసిచ్చిన కాగితం చూసి, "యజమాని దగ్గరుంటే పాస్‌పోర్టు భద్రంగా ఉంటుంది" అని చదివేశాడు మన గంగులయ్య. పక్కవాళ్ళు బల్లలు చరిచారు. ఆయన హాయిగా కూర్చుని కునుకు తీశాడు.

"సార్, నిద్రపోతాండారా?"

తలుపు దగ్గర అన్వర్ బాషా. రాయచోటి మనిషి, ఇక్కడ బస్సు డ్రైవరు. ఈ బడిలో జనాన్ని సర్దే కమిటీలో కూడా ఆయనే ముఖ్యుడు.

"రేపు పొద్దన్నే ఎంబసీ కారు పోతాదంట సార్. మీకు సీటు పెట్టినారు."

గంగులయ్య గుండె తేలికపడింది, ఆ తేలికకు సిగ్గేసింది కూడా. ఢిల్లీ చేరితే వీళ్ళ తరఫున గట్టిగా మాట్లాడవచ్చు కదా అనుకున్నాడు. ఆ ఆలోచన ఆయనకు బాగా నచ్చింది. దాన్ని పట్టుకునే మళ్ళీ కళ్ళు మూశాడు.

ఈసారి గనిలో ఒక ఆడమనిషి రాళ్ళు ఏరుతోంది. తలకు చుట్టుకున్న గుడ్డ తీసి ఆయన వంక చూసింది. కళ్ళు తెరిస్తే ఆమె అక్కడే, బల్ల పక్కనే, నీళ్ళ చెంబుతో నిలబడి ఉంది. కలా నిజమా తేల్చుకోవడానికి ఆయన చెంబు అందుకుని నీళ్ళు తాగాడు. వేడి నీళ్ళు. నిజమే.

"గుర్తుపట్టినావా అన్నా? రెడ్డెమ్మని. ముగ్గురాయి గనిలో రాళ్ళు ఏరతాంటి."

"రెడ్డెమ్మా! నువ్వు ఈడికి ఎప్పుడొస్తివి?"

"శానా దినాలాయ. ఈ సల్వాలోనే ఒక ఇంట్లో పని. మామా అంటే యజమానమ్మ, వాళ్ళు సౌదీకి పారిపోయినారు. నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం యేసుకోని పోయినారు." ఆమె చెంబు తీసుకుంది. "మొన్న ఒక బస్సులో పాస్‌పోర్టు లేనోళ్ళుండారని ఇరాకోళ్ళు మొత్తం బస్సునే ఎనక్కి తిప్పినారంట. అందుకని ఉండేటోళ్ళనే ఎక్కిస్తారంట. మేమంతా ఈడే."

"నేను ఢిల్లీ పోయి మాట్లాడతా రెడ్డెమ్మా."

"ఆడ మాట్లాడేదానికి శానామంది ఉండార్లే అన్నా. భద్రంగా ఉంటాదని నువ్వే మాట్లాడితివంట గదా, మావోళ్ళు పేపర్లో సదివినారు." ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది. "ఈడ కడాన బిళ్ళ తగిలించేటోళ్ళు ఎవురుండారు?"

ఆమె వెళ్ళిపోయింది. గంగులయ్యకు ఆ తర్వాత ఎంత కళ్ళు మూసినా గని కనిపించలేదు. నల్లబల్ల మీద ఎవరో పిల్లలు అరబ్బీలో వేసిన లెక్క ఒకటి సగంలో ఆగిపోయి ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

పొద్దున్నే ఎంబసీ కారు హారన్ కొట్టింది. రెండోసారి కొట్టింది. గంగులయ్య వెళ్ళి తన సీటులో ఒక పురిటి తల్లిని కూర్చోబెట్టి తలుపు వేశాడు. తర్వాత వంటగదిలోంచి ఖాళీ బియ్యం సంచి ఒకటి తెచ్చి, అప్పటికే వచ్చి ఆగిన అమ్మాన్ బస్సు ముందు నిలబడ్డాడు.

"ఈ బస్సులో పాస్‌పోర్టు ఉన్నోళ్ళూ లేనోళ్ళూ కలిసి పోతారు," అన్నాడు. "పాస్‌పోర్టులన్నీ ఈ సంచిలో పడాల. ఏది ఎవరిదని మనం చెప్పం." ఎంపీలకిచ్చే తన ఎర్ర అట్ట పాస్‌పోర్టు అందులో పడేశాడు.

ఎవరూ కదల్లేదు. ముందు నిలబడ్డ సోమేశ్వరరావు బ్యాంకులో పెద్ద ఉద్యోగి, కాకినాడ మనిషి. మొహం ఎర్రబడింది.

"ఇదేం న్యాయమండీ? వాళ్ళ కోసం మమ్మల్ని కూడా వెనక్కి తిప్పేస్తే? నాకు చంటిపిల్ల ఉందండీ."

గంగులయ్య అడిగింది సామాన్యమైన కోరిక కాదు మరి. భయపడ్డ మనిషిని తప్పుపట్టే ధైర్యం కూడా ఆయనకు ఇప్పుడు లేదు. సంచి నోరు తెరిచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పుడు సోమేశ్వరరావు భార్య ముందుకొచ్చి భర్త జేబులోంచి పాస్‌పోర్టులు లాగింది.

"ఇన్నాళ్ళూ మన పిల్లకి నీళ్ళు మోసుకొచ్చింది ఈ రెడ్డెమ్మేనండీ. ఆవిణ్ణి ఇక్కడ వదిలేసి ఏ మొహం పెట్టుకుని వెళ్తాం?"

రెండు పాస్‌పోర్టులు పడ్డాయి. ఆ తర్వాత వానచినుకుల్లా మొదలైంది.

బస్సు ఎడారిలోకి వెళ్ళింది. అన్వర్ బాషా తోలుతున్నాడు. ఇసుక, కాలిన లారీలు, మళ్ళీ ఇసుక. రెడ్డెమ్మ ఒళ్ళో సోమేశ్వరరావు కూతురు నిద్రపోతోంది. సంచి గంగులయ్య మోకాళ్ళ మీద ఉంది. ముగ్గురాయి గంపకన్నా అదే బరువనిపించింది.

చెక్‌పోస్టులో ఇరాక్ అధికారి ఒకడు ఎక్కాడు. సంచి తెరిచి విస్తుపోయాడు. మనుషుల్ని చూశాడు, సంచిని చూశాడు. ఆ ఎండలో ఒక్కో ఫొటోనూ ఒక్కో మొహంతో సరిచూసే ఓపిక ఏ సైన్యంలోనూ ఉండదు. విసుగ్గా చెయ్యి పెట్టి కెలికేసరికి ఎర్ర అట్ట పాస్‌పోర్టు పైకొచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి అరబ్బీలో గట్టిగా ఏదో అడిగాడు.

అన్వర్ బాషా వెనక్కి తిరిగాడు. "ఇది ఎవురిదని అడగతాండాడు సార్. ఇంత పెద్ద మనిషి ఈ బస్సులో ఎందుకుండాడంట. ఆ మనిషి దిగాల, పైవాళ్ళని అడగాలంట. మిగిలినోళ్ళు పోవచ్చంట."

గంగులయ్య లేచాడు. వెంటనే రెడ్డెమ్మ కూడా లేవబోయింది.

"మేమూ దిగతాం అన్నా."

"కూసో," అన్నాడు ఆయన, గేటు దగ్గరి పాత గొంతుతో. "గేటు దాటేటప్పుడు ఎనక్కి సూడగూడదు. నా బిళ్ళ కడాన గదా."

సంచి ఆమె పక్కన పెట్టి దిగాడు. అన్వర్ బాషా కళ్ళు తుడుచుకుని గేరు వేశాడు. కిటికీలోంచి రెడ్డెమ్మ ముఖం కాసేపు కనిపించి దుమ్ములో కలిసిపోయింది. అధికారి ఎర్ర పాస్‌పోర్టును చొక్కా జేబులో పెట్టుకుని, పైన రెండుసార్లు తట్టి, ఇంగ్లీషులో "సేఫ్, సేఫ్" అన్నాడు. గంగులయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వుతుంటేనే కన్నీళ్ళు కూడా వచ్చాయి. అధికారి ఈ ముసలాయనకు ఎండదెబ్బ తగిలిందనుకున్నట్టున్నాడు, పైవాళ్ళు తేల్చేదాకా ఉండమని నీళ్ళ లారీ ఒకటి ఆపి సల్వాకే ఎక్కించి పంపాడు.

బడి వరండాలో తర్వాతి బస్సు కోసం చెప్పులు, మూటలు, ఖాళీ డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. మనుషులు నీడల్లో కూర్చున్నారు. గంగులయ్య తన చెప్పులు విడిచి వరస చివర పెట్టాడు. ఆయనకు ముందు మూట పెట్టుకున్న ఖైరున్‌బీ, కడప నుంచి వంటపనికి వచ్చిన ముసలామె, తలెత్తి చూసింది.

"పాస్‌పోర్టు ఉండాదా నాయనా నీకు?"

"లేదమ్మా," అన్నాడు ఎంపీ. "యజమాని దగ్గర భద్రంగా ఉంది."

"నాదీ అంతే," అని ఆమె జరిగి నీడలో చోటిచ్చింది.