బాలనర్సమ్మ పక్కన పేరుకున్న సూదులు

ఈ ముచ్చట నాకు మొదలు చెప్పింది అత్వెల్లి జంగమ్మ. ఆమెకూ నాకూ పొలం గట్టు కాడ పంచాయితీ ఉన్నది. ఆ గట్టు ఇయ్యాల్టికీ మూరెడు నా దిక్కే జరిగి ఉన్నది. మాటలు లేవు. ఒక పెండ్లిల పక్కపక్క కుర్చీలేసిండ్రు గనక ఆమె చెప్పింది, నేను విన్న. మనిషి ఎట్లాంటిదైనా ముచ్చట చెప్పుడుల ఇటుది అటు చెయ్యదు. లోపలి సంగతులు బాలనర్సమ్మ బిడ్డ రోజారాణే ఆమెకు చెప్పుకున్నదట. ఎక్కడన్న తప్పుంటే జంగమ్మనే అడగాలె.

అత్వెల్లి ఊళ్లె జంగమ్మ పక్కిల్లే బాలనర్సమ్మది. బాలనర్సమ్మ పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి సాన్పి చల్లుతది. చాయ్ కాచి గిలాసల పోసి పక్కన పెడుతది. గిన్నె కడిగి వచ్చేసరికి ఆ చాయ్ పేరుకొని ఉంటది. మంచు కాదు, సల్లగ ఉండదు. పటికబెల్లం లెక్క పలకలు పలకలుగ, అంచులు తేరి నిలవడుతది. చెంచతోని ఒక్క దెబ్బ కొడితే మళ్ల చాయ్ అయితది, పొగలు గూడ వస్తయి. కొట్టుకొని తాగుతది. బిందెల నీళ్లంతే, సల్ల అంతే. ఆమె పక్కన కదలకుండ ఏది పెట్టినా పేరుకునుడే.

ఆమె పెనిమిటి గాలయ్య బంతితోటకు నీళ్లు కడుతూ గట్టు మీద కూసొని, కూసున్నట్టే పోయిండు. ఆ వానకాలం నుంచి ఇట్ల. ఊళ్లె ఎవరూ దీన్ని పెద్ద సంగతి చెయ్యలె. పాలాయన పాలు పోసి, కొట్టుకొని కాగవెట్టు అక్కా అని చెప్పి పోయేటోడు. జంగమ్మ అయితే చక్కెర పాకం తెచ్చి ఆమె పక్కన పెట్టి, పటికబెల్లం అయినంక తీస్కపోయేది. అది మాత్రం కొట్టినా పాకం కాకపోయేది. అందుల ఒక్క పలుకు నాకెన్నడు పెట్టలె.

పెనిమిటి పోయిననాడు బాలనర్సమ్మ ఏడ్వలె. ఒక్కతే బిడ్డ రోజారాణి, ఆమె గూడ ఏడ్వలె. దినాలు చేసి, కౌకూర్‌ల తను కిరాయికుండే రూముకు పోయింది. పోయినామె మళ్ల రాలె. పగ లేదు, కోపం లేదు. ప్రతి ఆదివారం ఏదో ఒక మిషన్ కాడ పని ఉన్నదని తనకు తనే చెప్పుకునేది. తల్లి ఫోన్ చేసి ఎప్పుడొస్తవు బిడ్డా అంటే, వస్త అమ్మా అనేది. ఆ రెండు మాటలు చెప్పేటప్పుడు ఆమెకు లోపల ఏమీ అనిపించకపోయేది. పన్ను పీకేటప్పుడు సూది వేస్తరు గదా, తర్వాత పెదవి కొరుక్కున్నా తెలవదు. అట్ల.

రోజారాణి శామీర్‌పేట దిక్కున్న ఒక మందుల కంపెనీల పరిశోధన చేసే కెమిస్టు. మందును నీళ్లల్ల కరిగించి, స్ఫటికంగ పెంచి, ఎక్స్‌రేల పెట్టి, లోపల అణువులు ఏ తీరుగ కుదురుకున్నయో లెక్క తీసుడు ఆమె పని. వెనుక ఒకసారి నాయినకు అర్థమయేటట్టు చెప్పింది. అవే బంతిపూలు, ఒక తీరుగ గుచ్చితే దండ, ఇంకో తీరుగ గుచ్చితే తోరణం. మందు గూడ అంతే. గుచ్చుకున్న తీరును బట్టి ఒంట్ల జల్ది కరుగుతది, లేకుంటే కరగదు. గాలయ్య విని, గుచ్చినోళ్ల చెయ్యి గూడ సూడాలె బిడ్డా అన్నడట.

ఆమె మొదలు పెంచిన మందు సన్నటి సూదులయింది. జల్ది కరిగే రూపం అది. దాని లోపలి కట్టడం తేల్చి ఆమె పేరు మీద అచ్చేసిండ్రు. ఆమె డాక్టరేటు పట్టా ఆ సూదుల మీదనే వచ్చింది. నాయిన పోయినంక, దీపావళి దాటినంక, ల్యాబుల ఒక సీసల సూదులకు బదులు గుండ్రటి గింజలు వడ్డయి. ఇగ ఆనాటి నుంచి ఏ సీస చూసినా గింజలే. దాచిపెట్టిన పాత సూదులు గూడ గింజలయినయి. ఈ పని చేసేటోళ్లకు ఇది తెలిసిన పీడనే. కంటికి కనవడని గింజ తునక జుట్టుల ఉంటది, చున్నీల ఉంటది, ఏసీ గాలిల ఉంటది. అది వడ్డ సీసంతా దాన్ని చూసి దాని తీరే నేర్చుకుంటది. కొత్తది ఒకసారి పుట్టినంక ఆ గోడల నడుమ పాతది పుట్టదు.

బయటోళ్లకు ఇది చెప్తే ఎవరింటరు. వేరే దేశంల ఎవరో చేసి చూసి, మాకు సూదులు రాలేదు అని రాసిండ్రు. అసలు సూదులున్నయా, లేక ఈమె కల్పించిందా అని కమిటీ కూసున్నది. సాక్షి ముంగట ఒక్కసారి మళ్ల పెంచి చూపెట్టాలె. లేకుంటే అచ్చయిన కాయితం వాపస్, పట్టా వాపస్, దొంగ అన్న పేరు ఉట్టిగ.

ఆమె పైఅధికారి హేమచంద్, కోస్తా నుంచి వచ్చి కొత్త కాలనీల ఉండే మనిషి. దీపావళి తర్వాత మన ల్యాబ్ వాళ్లెవరూ అడుగుపెట్టని చోటు ఏదన్నా ఉందా అని అడిగిండు.

"మా అమ్మ ఇల్లు సార్. నేను పోక చాన దినాలైంది," అన్నది రోజారాణి. తల్లి పక్కన అన్నీ పేరుకుంటయన్న సంగతి గూడ చెప్పింది. హేమచంద్ తల ఊపిండు. తమ అత్తగారి ఊళ్లో ఒకావిడ నడిచి వెళితే దండెం మీది బట్టలు ఆరిపోయేవని, కొందరి ఒళ్లు అంతేనని అన్నడు.

తర్వాత ఇంకో మాట అన్నడు. "మీరు వెళ్లకపోవడమే మంచిదయిందమ్మా."

అది నిజమే గదా అనుకున్నది రోజారాణి. అంతకంటే ఏమీ అనిపించలె.

రక్షిత అని రోజారాణి దోస్తు ఒక కాలేజీల పాఠం చెప్తది. కంపెనీ గేటు గూడ చూడని, దీపావళి తర్వాత రోజారాణిని కలవని మనిషి. ఆమెతోని మందు కొత్తగ తెప్పించి, కరిగించి, వేడి మీద వడకట్టించి, గాజు గిన్నెల అత్వెల్లికి పంపుడు ఖాయం చేసిండ్రు. రోజారాణి తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, నీళ్లసుంటి మందు ఒకటి వస్తది. నీ పక్కన పెట్టుకో. కొట్టకు."

"చాయ్ గూడ కొట్టద్దా?"

"చాయ్ కొట్టుకో. ఇది కొట్టకు."

"నువ్వు తెస్తవా?"

"నేను రావద్దమ్మా. నా మీద దుమ్మున్నది. అది వడితే ఖరాబైతది."

"దుమ్ముంటే ఏంది, కాళ్లు కడుక్కొని రా. గడప కాడ చెంబు పెడత."

"కడిగితే పోయే దుమ్ము కాదు."

బాలనర్సమ్మ మంచిది అన్నది. గిన్నె వచ్చింది. దాన్ని పక్కన పెట్టుకొని కూసున్నది. మెల్లమెల్లగ ఒక మూలకు సన్నటి మెరుపు లేచి, గిన్నె నిండా సూదులు నిలిచినయి. కమిటీ సాక్షి చూస్తుండంగ రక్షిత ఒక్క సూదిని తీస్కపోయి తమ కాడి ఎక్స్‌రేల పెట్టింది. పాత లెక్కా కొత్త లెక్కా ఒక్కటే అయినయి. కమిటీ ఎత్తేసిండ్రు. రోజారాణి పేరు నిలిచింది.

ఆమె సంతోషపడ్డదా అని నేను జంగమ్మను అడిగిన. ఆ దినం గూడ క్యాంటీన్‌ల పెరుగన్నమే తిన్నదట.

అయితే హేమచంద్ వదలలె. ఆ ఇంట్ల మిగిలిన సూదులే ఇగ లోకంల పుట్టబోయే సూదులన్నిటికీ విత్తనం. కంపెనీ వాటితోని పెద్ద మందు చేస్తది, రోజారాణి విభాగానికి పెద్దయితది, ఆమె మాత్రం ఆ గడప తొక్కద్దు. ఎన్నాళ్లు అంటే చెప్పలేనన్నడు. ఆమె సరే సార్ అన్నది.

బాలనర్సమ్మ ప్రతి పొద్దుమాపు గడప కాడ చెంబు పెట్టేది. తెల్లారి పేరుకొని ఉన్న చెంబును కొట్టి బంతి మొక్కలకు పోసేది. మిగిలిన పొద్దంతా గిన్నె పక్కనే. బిడ్డ వస్తువు ఖరాబైతదేమో అని వాకిలి ఊడ్చుడు బంద్ చేసింది, దుమ్ము లేస్తదని. కూరకు లేచుడు బంద్ చేసింది. ఆఖరుకు చెంబు పెట్టుడు గూడ జంగమ్మ మీద వడ్డది.

ఒకనాడు పగటీలి జంగమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, మీ అమ్మ గూడ పేరుకుంటాంది."

రోజారాణి చేతిల ఉన్న సీసను బల్ల మీద పెట్టింది.

"చేతి ఏళ్ల కొసలు తేరినయి. గాజుల కాడికొచ్చింది. మాట అడిగితే కండ్లు తిప్పుతాంది గాని నోరు లేస్తలేదు. చెంచతోని నేను కొట్టనా?"

"వద్దు," అన్నది రోజారాణి. "నేనొస్తున్న."

తెల్ల కోటు గూడ ఇడువలె. ల్యాబు దుమ్మంతా మీదేసుకొని స్కూటీ మీద అత్వెల్లికి వచ్చింది. గడప కాడ చెంబు ఉన్నది, నీళ్లు పేరుకొని. వేలి కణుపుతోని కొట్టింది. నీళ్లు కదిలినయి. కాళ్ల మీద పోసుకున్నది. కడిగితే పోయే దుమ్ము కాదని ఆమెకంటే ఎక్కువ ఎవరికి ఎరుక. అయినా మడిమెలు రుద్ది రుద్ది కడిగి లోపటికి అడుగు పెట్టింది.

గిన్నెల సూదులు ఒక కొస నుంచి ఇంకో కొస దాక తెల్లగ మసకేసినయి. ఎండుటాకు మీద కాలు పెట్టినట్టు చిన్న చప్పుడు. తర్వాత అన్నీ గింజలే.

రోజారాణి అటు చూడలె. తల్లి ముంగట కూసొని ఆమె చెయ్యి తన చేతులల్లకు తీసుకున్నది. కొట్టలె. ఊకె పట్టుకున్నది. గాజుల కాడి మెరుపు మొదలు తగ్గింది, ఏళ్ల కొసల కాడిది చివరికి.

"కడుక్కున్నవా?" అన్నది బాలనర్సమ్మ.

"కడుక్కున్న."

"నాయిన లేడు గదనే."

"లేడమ్మా."

అప్పుడు వచ్చినయి నీళ్లు, ఇద్దరికీ. చెంపల మీద జారి, కింద బండ మీద వడి, తడిగనే ఉన్నయి. ఆ పొద్దుమాపు చాయ్ గిలాసల పోసి పక్కన పెడితే అది చాయ్ గనే ఉన్నది, సల్లారింది. జంగమ్మ పాకం పాకంగనే మిగిలింది. దానికి ఆమె ఇప్పటికీ మూతి ముడుస్తది.

రోజారాణి పట్టా ఉన్నది, నౌకరీ ఉన్నది. విభాగానికి పెద్ద అయింది మాత్రం వేరే ఎవరో. రోజూ అత్వెల్లి నుంచే పోయొస్తాంది. హేమచంద్ పని ఉంటేనే మాట్లాడుతడు.

ఇగ నా సంగతి. నాకు సంతకం వరకే అక్షరం వస్తది. అయినా ఆ తర్వాత కంపెనీ వాళ్లు అచ్చేసిన ఇంగ్లీషు కాయితం ఏం చెప్తదో రక్షితను పట్టుకొని పదం పదం అడిగి తెలుసుకున్న. సూదులు మళ్ల మాయమైనయి, కారణం తెలియలేదు అని రాసిండ్రు. తెలియకేంది, ఆ వాకిట్ల అందరికీ తెలుసు. చదువుకున్నోళ్లు ఎవరన్న పోయి ఆ ఒక్క ముక్క కొట్టేసి సరిగ్గ రాయుండ్రి. కారణం ఉన్నది. బిడ్డ ఇంటికొచ్చింది.