తాళం వేసినవాడి కోపం

కుట్టు గది కిటికీలోంచి చూస్తే నాటకశాల వెనక గుమ్మం కనిపిస్తుంది. ఆ మధ్యాహ్నం పిచ్చుకని ఆ గుమ్మం దగ్గరే పట్టుకున్నారు.

మనిషి ఇంతే ఉంటుంది, నోరు మాత్రం ఆగదు. అందుకే నాటకశాలలో అందరూ ఆ పిల్లని పిచ్చుక అంటారు. కొత్త నాటకంలో తల్లి వేషం ఆమెదే. రిహార్సల్‌కి వస్తుంటే గుంపు చుట్టుముట్టింది. ఒకడు జుట్టు పట్టి వంచాడు. ఇంకొకడు డబ్బాలో తెచ్చిన నల్లరంగు మొహాన పోశాడు. "దేవుణ్ణి తిట్టే నోరు ఇదేనా?" అంటూ మరొకడు దవడ పగిలేలా కొట్టాడు. దెబ్బ పడినప్పుడల్లా వెనకున్నవాళ్ళు దేవుడి పేరు అరిచారు. కాస్త దూరంలో పోలీసులు జీపుకి చేరగిలబడి టీ తాగుతున్నారు.

కుట్టక్క కిటికీ పక్క గోడకి అతుక్కుపోయింది. అక్కడ వేషాల బట్టలన్నీ కుట్టేది ఆవిడే. చేతిలో కత్తెర ఉంది. కిందికి పరిగెత్తాలి, గట్టిగా అరవాలి అనుకుంటూనే ఉంది కానీ కాళ్ళు కదిలితేగా! తనని ఎవరైనా చూస్తారేమోనని కిటికీ తెర లాగేసింది కూడా. లాగుతూ లాగుతూ ఒక మొహం చూసింది. నుదుటికి పట్టీ కట్టుకుని, నినాదం రాసిన అట్ట ఊపుతూ అరుస్తున్నవాడు తన సొంత మరిది.

చివరికి సుత్తి మామ పరిగెత్తుకెళ్ళి పిచ్చుకని లోపలికి లాక్కొచ్చాడు. ఆయన రంగస్థలం వడ్రంగి. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఆయన అంటాడు. నోట్లో ఉంటుంది కాబట్టే వచ్చిందని మిగతావాళ్ళంటారు. పిచ్చుక ఎడం కన్ను మూసుకుపోయింది. కుట్టక్క తడిగుడ్డతో రంగు తుడిచింది.

సాయంత్రం మేనేజరు అందర్నీ వేదిక మీదికి పిలిచాడు.

"సర్కారు గ్రాంటు ఆపేశారు," అన్నాడు నుదురు తుడుచుకుంటూ. "ప్రజల మనోభావాలు దెబ్బతీసే చోట ప్రజల సొమ్ము పెట్టరట. రేపు మధ్యాహ్నం వచ్చి సీలు వేస్తారు."

"ప్రజలంటే ఎవరండీ?" అన్నాడు సుత్తి మామ. "దెబ్బలు తిన్న ఈ పిల్ల ప్రజ కాదా? కొట్టినవాణ్ణి వదిలేసి, తిన్నవాళ్ళ నోట్లో మట్టి కొడతారా?"

"మామా, ఆవేశపడితే తలుపులు తెరుచుకోవు. నాటకం మానేశాం, తప్పయింది అని ఒక్క మాట అందాం. పైవాళ్ళతో నేను మాట్లాడుకుంటాను."

లైట్లు వేసే అతను తలొంచుకునే అన్నాడు: "సారు చెప్పినదాంట్లో తప్పేముంది? నాకు పిల్లలున్నారు. ఈ నాటకం కాకపోతే ఇంకోటి ఆడదాం. దీన్నే పట్టుకుని వేలాడాలా?"

కుట్టక్కకి ప్రాణం లేచొచ్చింది. తన మనసులో మాట ఎవరో ఒకరు అన్నారు. తలూపింది.

అసలు ఆ నాటకంలో ఏముంది? కరువులో ఊరంతా మాడుతుంటుంది. గోదాము నిండా ధాన్యం, తాళంచెవి యజమాని మొలలో. ప్రార్థనా మందిరానికి పెద్ద కూడా ఆయనే. బిడ్డని పోగొట్టుకున్న తల్లి వచ్చి, దేవుడా, నువ్వైనా ఈ తలుపు తీయించు అని అడుగుతుంది. అంతే. ఇది కొందరి మనోభావాల్ని దెబ్బతీసింది. ఆ కొందరికి నాయకుడు తెల్లచొక్కా పెద్దమనిషి. రేవు దగ్గర గోదాములన్నీ ఆయనవే. ఎవరి మనసు ఎక్కడ గుచ్చుకుందో వేరే చెప్పాలా?

"నేనే మానేస్తాను," అంది పిచ్చుక. "నా ఒక్కదాని వల్ల అందరి కూడూ పోవడం దేనికి?"

అప్పుడే తలుపు తోసుకుని సంగీతం బడి పంతులమ్మ వచ్చింది. వెనక ఆమె విద్యార్థులు, భుజాలకి వయొలిన్ పెట్టెలు.

"మాకూ ఆపేశారు," అంది పంతులమ్మ.

"మీరేం తిట్టారు?" లైట్లతను అడిగాడు.

"మేమా? ఎవర్నీ ఏమీ అనలేదు నాయనా. మా వాకిట్లోకి ఒక్కడూ వచ్చి అరవలేదు. మొన్న మంత్రిగారొస్తే ఎండలో నిలబడి స్వాగతం పాట కూడా పాడాం. చాలా బాగుందన్నారు. ఇవాళ మూసేశారు. ఎల్లుండి లైబ్రరీకి తాళమట."

"లైబ్రరీ ఎవర్ని తిట్టిందట?" అన్నాడు సుత్తి మామ నెమ్మదిగా. "ఇప్పుడర్థమైందా? వాళ్ళు అరిచారని వీళ్ళు మూయట్లేదు. మూయాలని ఎప్పుడో అనుకున్నారు. అరిచేవాళ్ళు చేతికి దొరికారు. రేపు మనం కాళ్ళు పట్టుకున్నా మూస్తారు. స్వాగతం పాట పాడినవాళ్ళకే దిక్కులేదు, మనకి దయ చూపిస్తారా?"

లైట్లతను పంతులమ్మ వంక చూశాడు, పిచ్చుక వంక చూశాడు. "అయితే ఏం చేద్దామంటావు?" అన్నాడు. అంతకుముందున్న గొంతు కాదది.

వాదన చాలాసేపు సాగింది. మేనేజరు బతిమాలాడు, విసుక్కున్నాడు, తనకేమీ తెలియదని లేచి వెళ్ళిపోయాడు. ఆఖరికి తేలింది ఇది: సీలు వేసేవాళ్ళు వచ్చే వేళకి, నాటకశాల ఎదుటి మెట్ల మీద, పగటి వెలుగులో నాటకం ఆడాలి. ఎవరైనా చూడొచ్చు. రేవు కూలీలకి, మార్కెట్లో ఆడవాళ్ళకి, కాలేజీల్లో పిల్లలకి తలా ఒకరు వెళ్ళి చెప్పాలి. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తారు. కుట్టక్క చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

"అక్కా," అంది పిచ్చుక, "నాకు ఒక కన్ను కనపడట్లేదు. మెట్ల మీద పక్కన ఉంటావా?"

కాదనడానికి నోరు తెరిచింది. "సరే" అని వచ్చింది. ఇంటిదాకా తనని తాను తిట్టుకుంటూనే నడిచింది.

ఇల్లంటే రెండు గదులు. భర్త పోయాక అత్తగారు, మరిది, తను. అత్తగారు పొద్దున్నే లేచి దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే మంచినీళ్ళు ముట్టదు. కుట్టక్కకీ ఆ అలవాటే వచ్చింది. ఆ సాయంత్రం కంచాల ముందు ముగ్గురూ కూర్చుంటే, మరిది గోళ్ళ సందుల్లో నల్లరంగు కనబడింది.

"వదినా, రేపు పనిలోకి వెళ్ళకు," అన్నాడు కంచంలోకి చూస్తూ.

"ఏం?"

"వెళ్ళకంటే వెళ్ళకు. రేపు రాళ్ళు తెస్తున్నారు."

"తెస్తున్నారా, తెస్తున్నావా?"

వాడు తలెత్తాడు. వాడి కళ్ళలోనూ భయమే. "నన్నేం చెయ్యమంటావు? పెద్దమనిషి గోదాములో బస్తాలు మోసేవాణ్ణి. మిషన్లొచ్చాయని మమ్మల్ని గెంటేశాడు. ఇప్పుడు ఆయన మనుషులే పిలిచి అన్నం పెడుతున్నారు. నుదుటికి పట్టీ కట్టుకుంటే నలుగురు తమ్ముడూ అంటున్నారు. పనిలేనోణ్ణి ఇంకెవరు పిలిచారు?"

"ఆ పిల్లని ఎందుకు కొట్టార్రా?"

"నేను కొట్టలేదు. డబ్బా పట్టుకున్నానంతే."

అంతదాకా మాట్లాడని అత్తగారు చెయ్యి కడుక్కుంది. "ఆ నాటకంలో నిజంగా దేవుణ్ణి తిట్టారా?" అని కొడుకుని అడిగింది.

"తిట్టారట."

"అట ఏమిట్రా? నువ్వు చూశావా?"

"అలాంటిది చూడకూడదమ్మా."

"చూడకుండా ఎలా తిడతారు? రేపు మెట్ల మీద ఆడతారటగా, నేను చూస్తాను. చూశాకే తిడతాను," అంది ముసలావిడ. ఇద్దరూ ఎంత చెప్పినా వినలేదు.

మర్నాడు మెట్ల కింద జనం. అంతమంది వస్తారని కుట్టక్క అనుకోలేదు. రేవు కూలీలు పని బట్టలతోనే వచ్చారు. మార్కెట్ ఆడవాళ్ళు ఖాళీ బుట్టలు బోర్లించి కూర్చున్నారు. పిల్లలు గోడలెక్కారు. అత్తగారు పక్కింటావిడని, ఆ పక్కింటావిడని కూడా వెంటేసుకొచ్చి అందరికంటే ముందు కూర్చుంది. లోపల్నించి సుత్తి మామ ఆవిడకొక కుర్చీ తెచ్చి వేశాడు.

పిచ్చుక కంటికి కట్టుతోనే మొదలుపెట్టింది. కుట్టక్క ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుకీ నిలబడింది. వీధి చివర నుంచి అరుపులు దగ్గరవుతున్నాయి. దేవుడి పేరే. తను రోజూ కళ్ళు మూసుకుని మెల్లగా అనుకునే పేరు, ఇన్ని గొంతుల్లో బూతులా వినపడుతోంది. భయంలోంచే ఒక కోపం లేచింది. ఆ పేరు వీళ్ళ సొంతమని ఎవరన్నారు?

గుంపు వచ్చేసింది. ముందు తెల్లచొక్కా పెద్దమనిషి, వెనక నుదుటి పట్టీలు, సంచుల్లో రాళ్ళు. పోలీసులు రోడ్డుకి అవతల నిలబడి చేతులు కట్టుకున్నారు. మెట్ల మీద పిచ్చుక గొంతు ఆగలేదు: "దేవుడా, నా బిడ్డ పోయాడు. మిగిలిన బిడ్డలకైనా ఈ తలుపు తీయించు!"

"కొట్టండి!" అన్నాడు పెద్దమనిషి.

మొదటి రాయి తలుపుకి తగిలింది. రెండోది సుత్తి మామ నుదురు చీల్చింది. మార్కెట్ ఆడవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకున్నారే కానీ లేవలేదు. కుట్టక్క పారిపోదామనుకుంది. నిజంగా అనుకుంది. పిచ్చుక మోచెయ్యి వదిలేస్తే సగం చూపుతో ఆ పిల్ల మెట్ల మీంచి పడిపోతుంది. వదల్లేదు. ఇంకాస్త ముందుకి జరిగి అడ్డంగా నిలబడింది.

"ఆగండ్రా! అక్కడ మా అమ్మ ఉంది!"

మరిది గొంతది. గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చి చేతులు చాపాడు. రాయి ఎత్తిన చేతులు అలాగే ఆగాయి. అప్పుడు చూశారు వాళ్ళు, ఎవరి మీద వేస్తున్నారో. "అరే, అది మా మేనత్త రా," అన్నాడొకడు. "మా గోదాములో మేస్త్రీ అక్కడే ఉన్నాడు," అన్నాడింకొకడు.

అత్తగారు కుర్చీలోంచి లేచింది. సన్నటి గొంతు, అయినా అందరికీ వినపడింది.

"మొదట్నించీ చూశాను. చెవులు బాగానే పనిచేస్తాయి నాకు. ఈ పిల్ల దేవుణ్ణి తిట్టలేదు. తాళం వేసినవాణ్ణి తిట్టింది." పెద్దమనిషి వైపు తిరిగింది. "నీకెందుకయ్యా అంత కోపం?"

రేవు కూలీల మధ్య ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పాకింది. మెట్ల నుంచి గోడల మీదికి, గోడల నుంచి నుదుటి పట్టీల దాకా వెళ్ళింది. పెద్దమనిషి మొహం చొక్కా కంటే తెల్లబడింది. వెనక్కి తిరిగి పోలీసుల వంక చూశాడు.

రాళ్ళు పడుతున్నంతసేపూ కదలని పోలీసులు అప్పుడు కదిలారు. లాఠీలు పైకి లేచాయి. మరిదిని కాలర్ పట్టి ఈడ్చారు. నెత్తురోడుతున్న సుత్తి మామని, పిచ్చుకని, కుట్టక్కని వ్యానులోకి తోశారు.

"నా కోడల్ని ఎందుకు తీసుకెళ్తున్నారు?" అత్తగారు పోలీసు ఆఫీసరుకి అడ్డం వచ్చింది.

"భక్తుల మనోభావాలు దెబ్బతీసిందమ్మా."

"ఏ భక్తులవి?"

"మీలాంటివాళ్ళవే."

"నా పేరు చెప్పి నా కోడల్నే పట్టుకెళ్తావా? జరుగు!" అంటూ ముసలావిడ వ్యాను మెట్టు మీద కాలు పెట్టింది. కాలు అందలేదు. లైట్లతను వెనక నుంచి ఎత్తి ఎక్కించి, తనూ ఎక్కాడు. పంతులమ్మ ఎక్కింది. వయొలిన్ పెట్టెలెక్కాయి. బుట్టలెక్కాయి. దిగండి దిగండి అని కానిస్టేబుళ్ళు గొంతు చించుకుంటున్నా జనం ఎక్కుతూనే ఉన్నారు. వ్యాను చాలక ఇంకోటి పిలిపించారు. అదీ చాలలేదు. మిగిలినవాళ్ళు వెనకాల నడిచారు.

స్టేషను ఆవరణ నిండిపోయింది. మగవాళ్ళని లాకప్పులో కుక్కారు. గోడ అవతల ఎవర్నో కొడుతున్న చప్పుడు. అది మరిదేమోనని కుట్టక్క చెవి ఒగ్గి వింటోంది. ఆఫీసరు ఆవిణ్ణి ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు.

"చూడమ్మా," అన్నాడు మెత్తగా. "నువ్వు నటివి కాదు, నాయకురాలివి కాదు. బట్టలు కుట్టుకునేదానివి. నాటకశాలకి ఎలాగూ సీలు పడింది. ఇలాంటివాటికి ఇంకెప్పుడూ రానని ఒక్క మాట చెప్పు. మీ అత్తగారిని తీసుకుని ఇంటికెళ్ళు. లేదంటే ఆడవాళ్ళ గదిలో తోస్తాను. బెయిలు ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

కుట్టక్క తల తిప్పింది. కిటికీలోంచి ఆవరణ కనిపిస్తోంది. పిచ్చుక తల అత్తగారి ఒళ్ళో ఉంది. ఆవిడ కొంగు తడిపి కంటిమీద అద్దుతోంది.

"చెప్పు," అన్నాడు ఆఫీసరు.

"రేపు లైబ్రరీకి తాళం వేస్తారటగా," అంది కుట్టక్క. "ఏ వేళకండీ?"

"అది నీకెందుకు?"

"మేం ముందే రావాలి కదా."

ఆఫీసరు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. అతను నోరు తెరిచేలోపే కిటికీ బయట, ఆవరణలోంచి, ఎవరో కేకేసి చెప్పారు:

"పొద్దున్నేనటక్కా! మనవాళ్ళు అప్పుడే లైబ్రరీ దగ్గరికి బయల్దేరారు!"