రెండు తలుపుల నడిమి గది

వైశాఖమాసపు మధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తమైన సముద్రము కన్నులకు మిఱుమిట్లు గొలుపుచుండ కొండవాలునందలి తాటితోపులు గాలి యాడక నిశ్చేష్టములై నిలువ జ్వరభయమున వీథులన్నియు జనశూన్యములై పడియుండ విశాఖపట్టణమునకు ఉత్తరమున కొండకొమ్మున నున్న పరిశోధనాలయ మొక్కటి మాత్రము నిద్రాహారములు మఱచి పనిచేయుచుండెను. ఆ యేడు వచ్చిన క్రొత్తజ్వరము మనుష్యుల శ్వాసనాళములను బట్టి పీడించి యింటింట నొకరిని మంచమెక్కించియుండెను. దానికి మందు కనుగొన్నవాడు ఆచార్య మజ్జి పురుషోత్తమరావుగారు. ఆ శుభవార్తను ఆ సాయంకాలమే కొండదిగువ సభామందిరమున అధికారుల యెదుటను పత్రికలవారి యెదుటను ఆయన ప్రకటింపవలసియుండెను.

చదువరీ, వైరసు దొంగవలె గోడకు కన్నము వేసి కణములోనికి దూరునని నీవు తలంతువేమో. అట్లు గాదు. అది పైన వ్రాలియుండగా కణమే దానిని ఆహారమని భ్రమించి యొక చిన్న తిత్తిలో చుట్టి లోనికి మ్రింగును. ఆ తిత్తిలో క్రమక్రమముగ పులుపు పెరుగును. ఆ పులుపు తగిలిన గాని వైరసు తిత్తిని చీల్చుకొని రాజాలదు. తిత్తిలో పులుపు చేరనీయక వైరసు నందే బంధించు నౌషధమును పురుషోత్తమరావుగారు సాధించిరి. కోతి మూత్రపిండమునుండి తీసిన కణములలో అది యద్భుతముగ పనిచేసెను. కోతికణములనే యేల యెంచుకొనిరనిన అవి యెచ్చట వేసిన నచ్చట పెరుగును. మనిషి శ్వాసనాళపు కణములు మహాగారాబము గలవి, వారములకొలది బుజ్జగించిన గాని మాట వినవు. ఊరు చూడబోయిన మందో యని మొఱపెట్టుచుండెను. అట్టి తొందరలో చేతికందినదానిని పట్టుకొనుట పండితులకును తప్పలేదు.

ఆయన శిష్యురాలగు బొడ్డేపల్లి హైమవతి మాత్రము ఎవరితోను చెప్పక ఆ గారాబపు కణములనే పెంచెను. వానికి మందు పట్టించి పిదప వైరసును సోకించి వైరసు చొచ్చినచోట పచ్చగ వెలుగునట్టి రంగు వేసి చూచెను. కణములన్నియు పచ్చగ వెలిగెను. మందు వీసమెత్తైనను పనిచేయలేదు. సభకు ముందే ఈ సంగతి గురువు కన్నులార చూడవలెనని ఆమె బ్రతిమాలి యాయనను లోపలిగదికి తోడ్కొనిపోయి సూక్ష్మదర్శినియెదుట కూర్చుండబెట్టెను. ఆయన చాలసేపు చూచి తలయెత్తెను.

"నీ చేతిలో ఏదో పొరపాటు జరిగిందమ్మా. మళ్ళీ చెయ్యి" అని లేచి నడచెను.

లోపలిగదికిని వెలుపలి నడవకును నడుమ ఇద్దరు నిలుచుటకు చాలునంతటి ఉక్కుగది యొకటి కలదు. దానికి రెండు తలుపులు. ఒకటి తెఱచియున్నంతసేపు రెండవది తెఱచుకొనదు. లోపలినుండి వచ్చినవారు అందు నిలిచియుండగా పంకాలు గాలినంతయు లాగి శుద్ధిచేయును. అది ముగిసిన పిదపనే బయటితలుపుపై నెఱ్ఱదీపము పచ్చనై తాళము విడుచును. గురుశిష్యులు ముసుగులతో ఆ గదిలో నడుగిడి లోపలితలుపు మూసిరో లేదో కొండమీద కరెంటు పోయెను. జనరేటరు దగ్గి దగ్గి ఊరకుండెను. పంకాలు నిలిచెను. వెలుపలివారితో మాటాడుటకై గోడకు బిగించిన యంత్రము మూగవోయెను. తాళములకు మాత్రము సొంత బ్యాటరీ యుండుటచే ఎఱ్ఱదీపము నిక్షేపముగ వెలుగుచునేయుండెను.

బయట నెవరో తలుపు తట్టిరి. మేమున్నాము, బాగుచేయుచున్నామని దాని యర్థము. గాలి చొరనట్టి తలుపు గనుక మాట వినబడదు. సెల్ఫోను లోనికి తెచ్చుట నిషిద్ధము. గదిలో ఉక్క హెచ్చెను. విడిచిన యూపిరి ముసుగులోనే తిరిగి వెచ్చగ ముఖమునకు తగులుచుండెను.

గోడపై గాజుపలక వెనుక ఎఱ్ఱని మీట యొకటి యుండెను. గాజును పగులగొట్టి దానిని నొక్కిన రెండు తలుపులు నొక్కమారే తెఱచుకొనును. పంకాలు నిలిచిన వేళ నట్లు చేసిన లోపలి గాలి నడవలోనికిని అందుండి ఊరిలోనికిని పోవును. అగ్నిప్రమాదమునకు తప్ప ఆ మీటను తాకరాదని ఆ గది కట్టిననాడు కట్టడిచేసినవాడు పురుషోత్తమరావుగారే. ఇప్పుడు గాజుపైకి మోచేయి యెత్తినవాడును ఆయనయే.

హైమవతి గాజునకు వీపు ఆనించి నిలిచెను.

"తప్పుకో అమ్మా."

"తప్పుకోను మాస్టారూ. మనం చూసిన వైరసు కణాల పళ్ళేలు ఇంకా బల్లమీద తెరిచే ఉన్నాయి. నిప్పుకి తప్ప దీన్ని ముట్టొద్దని నాకు నేర్పింది మీరు కాదా? సభ కాసేపు ఆగితే ఏమవుతుంది?"

"సభ కోసం అనుకుంటున్నావా?" ఆయన మోచేయి దించెను. "మా అక్కకి ఆ మందే వేయిస్తున్నాను హైమా."

అప్పలనరసమ్మ యను ఆ యక్క తల్లిలేని తమ్ముని జూటుమిల్లులో కూలిచేసి చదివించినది. ఆమెయు ఆ జ్వరముతోడనే పట్టణపు ఆసుపత్రిలో పడియుండెను. ఆ మందును మామూలు చికిత్సతో కలిపిన గుండెకు ముప్పని తలచి మామూలు చికిత్సను మాన్పించినవాడును తమ్ముడే. ఈ సంగతి హైమవతి యెఱుగదు.

"నువ్వు చూపించింది నిజమైతే ఇన్నాళ్ళూ మా అక్కకి నేను ఏ వైద్యమూ లేకుండా చేశానన్నమాట. అందుకే నీది తప్పు కావాలి. కావాలమ్మా."

ఇది శాస్త్రజ్ఞుడు పలుకదగిన మాట కాదు. పలికినవాడు తమ్ముడు. తాను పచ్చని వెలుగులు చూపి సంతోషింపబోయినందుకు హైమవతి తన్ను తానే అసహ్యించుకొనెను.

ఆయన గోడవెంట జారి నేలపై కూలబడెను. బయట తట్టుట నిలిచిపోయెను. మరల మొదలయ్యెను. మనసు ఎంత మొరాయించినను ముప్పదియేండ్లు సూక్ష్మదర్శినికి అలవాటుపడిన కన్ను తాను చూచినదానిని మఱువదు. ఆయన తల వంచుకొనియే యడిగెను.

"ఆ కణాల్లో తిత్తులు కనిపించాయా నీకు?"

"లేదు మాస్టారూ, ఒక్కటి కూడా. వెలుగంతా అంచునే ఉంది."

"నేనూ అదే చూశాను." ఆయన ముసుగుపై చేయి వేసి ముఖము నొక్కికొనెను. "ఆ కోతి కణాలకి లేని కత్తెరలాంటి పదార్థం ఒకటి శ్వాసనాళపు కణానికి పైపొరమీదే ఉంటుంది. వైరసు తొడుగుని అది గడపలోనే కత్తిరించి నేరుగా లోపలికి వదిలేస్తోంది. ఇంక తిత్తితో దానికేం పని? మనం ఒక తలుపుకి తాళం వేసి, రెండో తలుపు ఉందో లేదో చూడనేలేదు."

వైరసును తిత్తిలో బంధించెదనని బయలుదేరినవాడు ఉక్కుతిత్తిలో కూర్చుండి ఆ మాట యొప్పుకొనెను. హైమవతికి దుఃఖ మాగలేదు. ఆమె వెనుకకు తిరిగి తానే గాజుపైకి మోచేయి యెత్తెను.

"అక్కగారికి మధ్యాహ్నం మందు వేసే వేళయి ఉంటుంది కదా మాస్టారూ! నేను పగలగొడతాను. ఏం వచ్చినా నా మీదకే రానివ్వండి."

ఆయన దిగ్గున లేచి ఆమె చేయి పట్టుకొనెను. "వద్దు."

"మీ అక్కగారు..."

"ఊళ్ళో అందరికీ అక్కలున్నారమ్మా."

ఆ చేయి విడిచిన పిదప ఆయన మరల కూర్చుండలేదు. బయటితలుపునకు నొసలు ఆనించి యెఱ్ఱదీపమునే చూచుచు నిలిచెను. మొదట నిజమును తప్పించుకొనుటకు తెఱవగోరిన తలుపే ఇప్పుడు ఓటమి చెప్పుకొనుటకు తెఱచుకొనవలసియుండెను. ఎట్టకేలకు నేలక్రింద ఏదియో గుఱ్ఱుమనెను. పంకాలు తిరిగెను. గాలి శుద్ధియగువఱకు మరల నిలువవలసివచ్చెను. దీపము పచ్చనయ్యెను. ముసుగులు విడిచి స్నానము చేసిన గాని అచ్చటినుండి కదలరాదు. ఆ నియమమును గూడ ఆయన మీఱలేదు. తల తుడుచుకొనక నీరు కారుచుండగనే ఫోనందుకొనెను.

"మధ్యాహ్నం మందు ఇప్పుడేనండి వేసింది" అని నర్సు చెప్పెను. ఇకపై వేయవద్దనియు వేసిన దాని బలము తగ్గినంతనే పాత చికిత్స మొదలిడుమనియు ఆయన చెప్పుచుండగనే అప్పలనరసమ్మ ఫోను లాగికొనెను.

"ఏటిరా తమ్ముడా, ఈ వేళప్పుడు చేసినావు? నీ మందు ఏసేసుకున్నాను. సేదుగా ఉంది గానీ నీదే కదా, తగ్గిపోద్దిలే."

"అక్కా, అది మందు కాదు. పని చెయ్యదు. తప్పు నాది."

అప్పలనరసమ్మ రొప్పుచు ఊపిరి కూడదీసికొనెను.

"సర్లేరా" అనెను పిదప. "మరి నీకేటీ గాలేదు కదా? గొంతు అలగుందేటి? అన్నం తిన్నావా?"

ఆయన ఫోనును హైమవతి చేతిలో పెట్టి కొండదారిని దిగిపోయెను. సభామందిరము క్రిక్కిఱిసియుండెను. పూలదండ వేయవచ్చినవారిని చేతితో వారించి ఆయన వేదికపై నిలిచి అక్కతో పలికిన మాటలనే అచ్చటను పలికెను. అది మందు కాదు. పని చెయ్యదు. తప్పు నాది. పిదప ఆ సభ నడుమనుండి నడచి వెలుపలికి వచ్చి ఆసుపత్రికి పోవు దారి పట్టెను. అక్క యడిగినదానికి ఆయన యింకను బదులు చెప్పవలసియుండెను.