కీచురాయి కుడిరెక్క

కోడలు చెక్క మీద పురుగుల్ని చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీస్తుంది. మామూలు పురుగులైతే అత్తగారు చీపురుతోనే సరిపెట్టేది. ఇవి అంతరించిపోతున్నవట, అందుకని వీటికి రాచమర్యాదలు.

వాటిలో రాగిరంగు కీచురాయిది పెద్ద కథ. మ్యూజియంలో ఉన్న ఒకే ఒక్క నమూనా పొడైపోయే ముందు కోడలు దాన్ని చూసి చెక్కింది. ఇప్పుడు ఆ పురుగుకి మిగిలిన ఆధారం ఆమె అచ్చే. మ్యూజియం అధికారి దాన్ని గోడకెక్కించి, ఆ జాతి ఇక లేదని వచ్చినవాళ్లందరికీ దిగులుగా చెబుతున్నాడు.

ఓ ఉదయం అత్తగారు గాజుసీసా ఒకటి తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టింది.

"ఇదిగోనమ్మా, పోయిందని నువ్వు ఏడ్చిన మహాతల్లి. పక్క ఖాళీస్థలంలో గొంతు చించుకుంటోంది. నా చెవులు చిల్లులు పడ్డాయి."

కోడలికి కాళ్లు నేల మీద ఆనలేదు. బళ్లు నిలపడానికని ఆ స్థలంలో త్వరలోనే సిమెంటు పోయబోతున్నారు. ఇది బతికే ఉందని అధికారి ఒక్క మాట రాసిస్తే పని ఆగిపోతుంది. సీసాను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. కుడిరెక్క పైన, ఎడమరెక్క కింద.

కానీ అచ్చులో పైనున్నది ఎడమరెక్క. అచ్చు తీస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి చెక్క మీద తిరగేసి గీసుకోవాలి. నమూనా రాలిపోతోందన్న హడావిడిలో ఆమె చూసింది చూసినట్టే గీసేసింది. పని కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పు అది.

సిగ్గు దిగమింగుకుని, సీసానూ చెక్కనూ పట్టుకుని మ్యూజియానికి పరుగెత్తింది.

అధికారి సీసాను చూశాడు, గోడ మీది అచ్చును చూశాడు. "అయ్యో, ఇది వేరే జాతి మేడమ్. రెక్కలు అటుదిటుగా ఉన్నాయి."

"తప్పు నాది సార్. అచ్చు తిరగబడింది. ఇదిగో చెక్క చూడండి, అచ్చం దీనిలాగే ఉంది."

"చెక్క మీద బొమ్మ తిరగేసే ఉంటుంది కదండీ, ఆమాత్రం నాకూ తెలుసు. ఇది చెక్కలాగా ఉందంటేనే అది కాదన్నమాట. మీ పనిని మీరే తక్కువ చేసుకోకండి."

ఆమెకు ఏడుపొచ్చింది. తన చేతిపని మీద ఇంత నమ్మకం కట్టుకున్నవాడితో సహా ఎవరూ ఎప్పుడూ ఉంచలేదు.

"పోనీ, వేరే జాతే అనుకోండి. దీని కోసమైనా ఆ సిమెంటు ఆపించండి సార్."

"పేరైనా లేని పురుగు కోసం ఎలా ఆపమంటాను?" అన్నాడాయన నొచ్చుకుంటూ. "మీరు త్వరగా దీన్ని కూడా చెక్కేయండి మేడమ్. ఇదీ పోయాక రెండింటినీ పక్కపక్కనే పెడదాం."