వాటంతటవే తగలబడ్డ ఇళ్ళు

పంతొమ్మిది రోజుల్లో కల్తూమా పదకొండుసార్లు అనుమతుల ఆఫీసుకి వెళ్ళింది. యుద్ధానికి ముందు ఆమె ఎల్ ఫాషర్ పట్నంలో బడిపంతులమ్మ. ఇప్పుడు విదేశీ శాంతిదళానికి దుబాసీ. ఆ దళం ఎటు కదలాలన్నా ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవాలి. దేశంలోకి రమ్మన్నది ప్రభుత్వమే కనుక, వచ్చిన అతిథుల క్షేమం చూసే భారమూ దానిదే. వాళ్ళను గేటు దాటనివ్వకపోవడాన్ని మించిన క్షేమం ఉంటుందా?

ఉత్తరాన తబల్దియా అనే ఊరిని గుర్రాల మీద వచ్చినవాళ్ళు తగలబెట్టారనీ, వాళ్ళ వెనక ప్రభుత్వ ట్రక్కులు ఉన్నాయనీ కబురొచ్చింది. ప్రభుత్వ రేడియో మాత్రం అది అగ్నిప్రమాదమని చెప్పింది. వెళ్ళి చూసొస్తామని దళం అర్జీ పెట్టింది. మొదటిసారి అనుమతుల ఆఫీసు అధికారి కల్నల్ హసబల్లా అర్జీ అరబ్బీలో లేదన్నాడు. అరబ్బీలో తెస్తే తేదీ తప్పన్నాడు. తేదీ దిద్ది తెచ్చేసరికి ఆ తేదీ దాటిపోయింది. తర్వాత దారిలో దొంగల భయం ఉందన్నాడు. తమ వెంట నూట ఇరవైమంది సైనికులు ఉంటారని కల్తూమా చెబితే, ఆ నూట ఇరవైమంది గురించే తన బెంగ అని ఆమెకి టీ పోయించాడు.

పంతొమ్మిదో రోజున అనుమతి వచ్చింది, తోడుగా ఒక ప్రభుత్వ కెప్టెన్‌తో సహా.

ఊళ్ళో గోడలు మిగిలాయి. బూడిదను ఎవరో శుభ్రంగా ఊడ్చేశారు. ముప్ఫైమందిని నీడలో వరసగా కూర్చోబెట్టి ఉంచారు. ఎవరికీ భయపడకుండా నిజం చెప్పండి, నేనున్నాను కదా అని కెప్టెన్ వాళ్ళకు ధైర్యం చెప్పాడు. మగవాళ్ళు నేల చూపులు చూశారు. శాంతిదళం మేజర్ బోఆటెంగ్ పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. ఘనా దేశస్థుడు, నెమ్మదైన మనిషి. చాలాసేపటికి ఒక ముసలావిడ లేచింది. పక్కనున్న కల్తూమాకి మాత్రమే వినపడేలా తన పేరు మస్తూరా అని చెప్పుకుని మొదలుపెట్టింది.

"ఏం జరగలేదు నాయనా. ఇళ్ళు వాటంతటవే తగలబడ్డాయి. అన్నీ ఒక్కసారే. గాదెల్లో జొన్నలు కూడా చూస్తూ ఊరుకోలేక అంటుకున్నాయి. నా మనవలు నలుగురూ తూటాలకి అడ్డంగా పరిగెత్తారు. చెబితే వినే రకం కాదులే. ప్రభుత్వం చల్లగా ఉండాలి."

కెప్టెన్ మొహం మాడిపోయింది. కానీ ఆమె మాటల్లో ఏ మాటని తప్పు పట్టాలి? కల్తూమా బడిలో పాఠం అప్పజెప్పినట్టు, ఏ మాటా ఒత్తి పలకకుండా ఇంగ్లీషులో చెప్పింది. పేరొక్కటీ వదిలేసింది.

మేజర్ శ్రద్ధగా రాసుకుంటూ, ఏ వేళకి అంటుకున్నాయని అడిగాడు.

"మధ్యాహ్నం నమాజు వేళకి," అంది ముసలావిడ. "అందరం ఇళ్ళలో ఉన్నామో లేదో అవి చూసుకున్నాయి నాయనా."

మేజర్ అదీ రాసుకున్నాడు. ఈ విదేశీయుడికి ఏమీ అర్థం కాలేదని కెప్టెన్ మొహం మళ్ళీ తేటపడింది.

తిరిగొచ్చే దారిలో కల్తూమా ఉండబట్టలేక, ఆవిడ అన్నది మీకు బోధపడిందా అని మేజర్‌ని అడిగింది.

"మా అమ్మమ్మ కూడా ఇలాగే మాట్లాడేది," అన్నాడతను. "ప్రభుత్వం కాల్చిందని నేను రాస్తే రుజువేదంటారు. ఇదైతే వాళ్ళ కెప్టెన్ ఎదురుగా ఆవిడ చెప్పిన మాట. కాదనమను, చూద్దాం."

దళం పెద్దలు మేజర్ రాసిన నివేదికకు పైన ఒక కాగితం జోడించారు. ఆతిథ్య ప్రభుత్వ సహకారం కొనియాడదగినదని అందులో రాశారు. నివేదిక సముద్రాల అవతల ఒక సభలో చదివితే కొందరు నవ్వారట. ప్రభుత్వానికి నవ్వు రాలేదు. మూడు రోజుల్లో మేజర్ దేశం విడిచి వెళ్ళాలంది. దళం పెద్దలు తీవ్రంగా నొచ్చుకుని, మూడు రోజుల గడువు ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాశారు. దాన్నీ, మేజర్ ప్రయాణపు అర్జీనీ కల్తూమాయే పట్టుకెళ్ళింది. కల్నల్ అర్జీ మీద అప్పటికప్పుడే ముద్ర కొట్టేశాడు. తేదీ కూడా చూడలేదు.

"ఉస్తాజా," అన్నాడు తర్వాత. పంతులమ్మలను అక్కడ అలాగే పిలుస్తారు. "ఆ ముసలమ్మ పేరేంటి?"

"ఏ ముసలమ్మండీ?"

"ఇళ్ళు వాటంతటవే తగలబడ్డాయన్నావిడ."

"మీ రేడియో చెప్పిందే కదండీ ఆవిడా చెప్పింది. మీ పక్షాన మాట్లాడిన మనిషితో మీకేం పని?"

కల్నల్ ఆమె కళ్ళలోకి చూశాడు. "బహుమానం ఇద్దామని."

"ఆవిడకి అలాంటి ఆశలేం ఉన్నట్టు లేవండీ. నేనూ పేరు అడగలేదు."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. నీ ఇల్లు బజారు వెనకే కదా అన్నాడు మెల్లగా. అవునంది. ఎండలు ముదురుతున్నాయి, జాగ్రత్తగా ఉండు అన్నాడు. అలాగేనంది.

బయటికొచ్చి గోడవారగా కూర్చుంది. కాపలావాడు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆ వారంలోనే ఆమె తల్లినీ పిల్లలనీ వెంటబెట్టుకుని ఊరి బయట కాందిశీకుల శిబిరంలో ఉన్న చెల్లెలి గుడిసెకు మకాం మార్చింది. కానీ ఆ పూట నీళ్ళు తాగి, లేచి, నేరుగా దళం ఆఫీసుకే వెళ్ళింది. ఉత్తరం అందిందా, కల్నల్ గారు ఎలా మాట్లాడారు, మన సంబంధాలు దెబ్బతినలేదు కదా అని పెద్దలు ఆదుర్దాగా అడిగారు.

"చాలా బాగా మాట్లాడారండీ," అంది కల్తూమా. "మా ఇంటి క్షేమం కూడా అడిగారు."

పెద్దలు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, ఆ మాటని ఆ రోజు నివేదికలో రాసుకున్నారు.